మందు వాడుతుండగా నోరు పూసి, కళ్లు మండితే: సమస్య - పరిష్కారం

సమస్య: కొత్త మందు మొదలుపెట్టిన నెలలోపు జ్వరం వచ్చి, నోరు పూసి, కళ్లు ఎర్రబడి, ఒకటి రెండు రోజుల్లో ఛాతీ మీద మచ్చలు లేస్తాయి.

మన ఇళ్లలో దీన్ని వేడి చేసిందనుకుని మజ్జిగ తాగిస్తారు, లేదా అమ్మవారనుకుని వేపాకు మీద పడుకోబెడతారు. విలువైన రోజులు పోయేది అక్కడే. మచ్చలు దురదకన్నా నొప్పి ఎక్కువ పెడుతున్నా, వాటి నడుమ నల్లబడినా, బొబ్బలెక్కినా, బట్ట ఒరుసుకున్న చోట చర్మం ఉడికిన టమాటా తొక్కలా జారినా అది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, అంటే మందు పడక చర్మం ఊడిపోయే జబ్బు, కావచ్చు. ఇదే జబ్బు ముదిరి ఒంటి మీది చర్మంలో 30 శాతానికి మించి ఊడితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అంటారు, అది ప్రాణాంతకం.

కారణం: అందరి అనుమానం నిన్న జ్వరానికి వేసుకున్న మాత్ర మీదికి పోతుంది. చాలావరకు అసలు కారణం 4 నుంచి 28 రోజుల కిందట మొదలైన మందు: ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజపీన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్, సల్ఫా మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు.

పరిష్కారం: అనుమానమున్న మందును ఆ పూటే ఆపి, చర్మ, కంటి వైద్యులతో పాటు ఐసీయూ కూడా ఉన్న పెద్దాసుపత్రికి అదే రోజు వెళ్లాలి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు గనుక బదులు మందు ఆ రోజే డాక్టరు రాయాలి. కార్బమజపీన్ పడనివారికి ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ కూడా పడకపోవచ్చు. బొబ్బలు చిదమకండి, ఇంట్లోని ఆయింట్‌మెంట్లు పూయకండి. గత రెండు నెలల్లో వాడిన మందులన్నీ, ఆకు మందుల పొట్లాలతో సహా, వెంట తీసుకెళ్లండి. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల ముక్క మీద పేరు సగమే ఉంటుంది, కాబట్టి బిల్లు కూడా వెతకండి.

సమస్య: మందు మొదలైన 2 నుంచి 8 వారాల్లో జ్వరం, ఒంటినిండా దద్దు, ముఖం వాపు, మెడలో బిళ్లలు.

కారణం, పరిష్కారం: ఇది డ్రెస్ సిండ్రోమ్, అంటే మందు పడక వచ్చే మరో తీవ్రమైన జబ్బు, కావచ్చు. చర్మంతో ఆగక కాలేయాన్నీ దెబ్బతీస్తుంది కనుక మందు ఆపడంతో పాటు రక్తపరీక్షలు వెంటనే చేయించాలి. నెలసరి నొప్పికి చాలామంది అడిగి కొనుక్కునే మెఫెనమిక్ యాసిడ్ వల్ల కూడా ఇది రావచ్చని మందుల ప్రమాణాలు, భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది.

కోలుకున్నాక పడని మందు పేరును, కంపెనీ పేరుతో కాక అసలు మందు పేరుతో, డాక్టరు చేత రాయించుకుని పర్సులో పెట్టుకోవాలి; పంటి నొప్పికి వెళ్లినా ఆ చీటీ ముందు చూపించాలి.