ఓడదొంగలను ఆనాటి సమాజం ఎలా చూసిందో తరగతిలో బోధించే విధానం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరగ్రామాల్లో చరిత్ర బోధించే ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని మోటుపల్లితో మొదలుపెట్టడం మంచిది. ఇటీవలి వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన ఆ రేవులో, కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను మాత్రం సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో ప్రకటించాడు. దీన్ని వివరించి, ఒడ్డున సరుకు లాక్కున్న రాజును దొంగ అనని లోకం నడిసముద్రంలో లాక్కున్న నావికుణ్ణి ఎందుకు దొంగ అన్నదో పిల్లలను అడగండి. జవాబు మాత్రం అప్పుడే చెప్పవద్దు.

తరువాత ఇంగ్లీషు ఓడదొంగ హెన్రీ ఎవరీ ఉదంతానికి రండి; ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి. 1695లో అతని ముఠా, హజ్ యాత్రికులతో సూరత్‌కు తిరిగివస్తున్న మొఘల్ ఓడ గంజ్-ఇ-సవాయిని దోచుకుని, యాత్రికులను హింసించి, స్త్రీలపై అత్యాచారాలు చేసింది. ఆగ్రహించిన మొఘల్ ప్రభుత్వం సూరత్‌లోని ఇంగ్లీషు వర్తకులను నిర్బంధించింది. 1626 ప్రాంతంలో మన దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్న ఈస్ట్ ఇండియా కంపెనీ వారే వీరు. వ్యాపారం మూతపడుతుందన్న భయంతో ఇంగ్లండు ప్రభుత్వం, కంపెనీ ఎవరీ తలకు వెల కట్టగా, అదే ఇంగ్లండులో అతణ్ణి వీరుడిగా కీర్తించే పాటలు అచ్చయ్యాయి. వర్తక నౌకల్లో కొరడాదెబ్బలు, చాలీచాలని జీతాలు భరించిన నావికులకు, నాయకుణ్ణి తామే ఎన్నుకుని దోపిడీ సొమ్మును ఒప్పందం ప్రకారం పంచుకునే ముఠా ఆకర్షణీయంగా కనిపించిందని ఇక్కడ వివరించాలి. అయితే ఆ కీర్తనలో ఓడలోని స్త్రీల బాధకు చోటు లేదన్న సంగతిని మీరు తప్పక ఎత్తిచూపాలి. దాన్ని వదిలేస్తే పాఠం దొంగల పక్షం వహించినట్లే అవుతుంది.

విలియం కిడ్ అనే నావికుడి ఉదంతం ప్రభుత్వ దృష్టిని చూపుతుంది. శత్రు నౌకలను పట్టుకోవడానికి ఇంగ్లండు రాజు ఇచ్చిన అనుమతి పత్రంతో బయలుదేరిన అతడు, 1698లో భారతీయ సరుకుతో వెళ్తున్న క్వెడా మర్చంట్ అనే ఓడను పట్టుకున్నాడు. అతని యాత్రకు పెట్టుబడి పెట్టిన పెద్దలే అతణ్ణి వదిలేయగా 1701లో లండన్‌లో ఓడదొంగగా ఉరితీశారు. వచ్చేపోయే నావికులు భయపడేలా శవాన్ని థేమ్స్ ఒడ్డున వేలాడదీశారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నను మళ్ళీ అడిగి, గంజ్-ఇ-సవాయి ఘటనను యాత్రికురాలు, కంపెనీ గుమాస్తా, ఇంగ్లీషు నావికుడు ఎలా చెప్పి ఉంటారో వేర్వేరుగా రాయించండి. స్పెయిన్‌వారు దొంగ అన్నా 1581లో ఎలిజబెత్ రాణి నైట్ బిరుదు ఇచ్చిన ఇంగ్లీషు నావికుడు డ్రేక్‌నూ, మరాఠాల నౌకాధిపతి అయినా ఇంగ్లీషువారు దొంగ అన్న కన్హోజీ ఆంగ్రేనూ పోల్చే పని ఇంటికి ఇవ్వవచ్చు.