అయస్కాంతంతో సెల్స్‌లోకి జీన్ పంపే ముందు

జీన్ ఉన్న డీఎన్‌ఏను ఇనుప నానో కణాలకు అంటించి, ప్లేటు కింద అయస్కాంతం పెట్టి సెల్స్ (జీవకణాలు) మీదికి లాగడమే ఈ పని. కరెంటు సంగతి ముందు చూసుకోండి. మే నెలలో హనుమకొండ ఎండకు ఏసీలన్నీ ఒక్కసారి నడుస్తాయి, ఎప్పుడు పోతుందో చెప్పలేం. సెల్స్ పెంచే పెట్టె, ఇన్‌క్యుబేటర్, 37 డిగ్రీల దగ్గర నిలవాలంటే యూపీఎస్ ఉండాల్సిందే.

ఐరన్ ఆక్సైడ్ నానో కణాల (అతి సూక్ష్మ రేణువుల) సీసా ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకడితే కణాలు ముద్దకట్టేస్తాయి. వాడే ముందు బాగా కదిలించి వెలుతురుకు పట్టి చూడండి. గోధుమరంగు అంతటా ఒకేలా ఉండాలి. అడుగున నల్లటి మడ్డి మిగిలితే ఆ సీసా పక్కన పెట్టేయండి.

నానో కణాలతో డీఎన్‌ఏ కలిపేది సీరమ్ (రక్తద్రవం) లేని మీడియంలోనే, అంటే సెల్స్‌కు పోషకాలిచ్చే ద్రవంలోనే. డీఎన్‌ఏది రుణావేశం, నానో కణాల మీది పీఈఐ (ఒక పాలిమర్) పూతది ధనావేశం, అందుకే అతుక్కుంటాయి. సీరమ్ ప్రోటీన్లు మధ్యలో దూరితే అంతే సంగతులు. పీఈఐ మోతాదు మించితే సెల్స్ చస్తాయి.

ప్లేటు అడుగున 60-80 శాతం మేర సెల్స్ పరుచుకున్నాయా?

పోల్చి చూడటానికి అయస్కాంతం పెట్టని వెల్ (ప్లేటులోని గుంట) ఒకటి, డీఎన్‌ఏ లేని వెల్ ఒకటి తప్పనిసరి. ప్లేట్లు మిగుల్చుకుందామని వీటిని ఎగ్గొడితే పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

నియోడిమియం అయస్కాంతాలు చాలా బలమైనవి, రెండింటిని దగ్గరికి తేకండి, వేలు నలుగుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకే రావద్దు. ఏటీఎం కార్డులు బయట పెట్టి రండి.