బుల్లెట్ బ్రీదర్ పైపు దారి మార్చాలంటే

పాత కార్బురేటర్ బుల్లెట్‌ను నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద గంటసేపు ఆపకుండా తోలి, తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున ఆయిల్ కనిపించడం మామూలే. ఇంజిన్ లోపలి గాలి, ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు నుంచి వచ్చిందే అది. ఆయిల్ తాగిన ఫిల్టర్‌కు దేవరకొండ దిక్కు దుబ్బ అంటుకుంటే గాలి ఆడదు. ప్లగ్గు నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది.

పైపు ముట్టుకునే ముందు ఆయిల్ లెవెల్ చూడండి. ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపాకే చూడాలి. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిల్ కిందికి జారి లెవెల్ తక్కువ చూపిస్తుంది. అది నమ్మి పైన పోస్తే, ఎక్కువైన ఆయిలంతా బ్రీదర్‌లోంచే బయటపడుతుంది. చాలా బండ్లకు రోగం ఇదే. లెవెల్ సరిచేస్తే పైపు పనే ఉండదు.

లెవెల్ సరిగ్గా ఉన్నా ఆయిల్ వస్తుంటే పైపు మధ్యలో ఆ ఆయిల్‌ను పట్టి ఉంచే క్యాచ్ బాటిల్ పెట్టాలి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 350 బుల్లెట్ పిస్టన్ దిగిన ప్రతిసారీ కింద 346 సీసీ గాలిని నెడుతుంది. 3000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు) దగ్గర ఇది సెకనుకు 50 సార్లు. పైపు దారి ఎంతైనా మార్చవచ్చు గానీ సన్నం చేయకూడదు. సన్నమైతే ఆ ఒత్తిడికి సీళ్లు, గాస్కెట్ల దగ్గర ఆయిల్ కారుతుంది.

కావాల్సినవి: ఆయిల్, పెట్రోలు తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు మీటరున్నర, 200–300 మి.లీ. పట్టే రెండు మూతుల క్యాచ్ బాటిల్, నాలుగు స్క్రూ క్లిప్పులు, కేబుల్ టైలు. పైపు లోపలి కొలత ఇంజిన్ మూతి బయటి కొలతకు సరిపోవాలి. కొలిచి కొనండి. నీళ్ల ప్లాస్టిక్ పైపు వద్దు. మన ఎండకు, ఇంజిన్ వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది.

ఇంజిన్ చల్లారాక పాత పైపు తీసి, మూతి చుట్టూ దుబ్బ తుడవండి. కొత్త పైపును ఇంజిన్ నుంచి ముందు పైకి, ట్యాంకు కిందిదాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి మళ్లించండి. పైకి ఎక్కేటప్పుడు బరువైన ఆయిల్ చుక్కలు తిరిగి ఇంజిన్‌లోకే జారుతాయి. నడుమ ఎక్కడా కిందికి వేలాడే వంపు ఉండొద్దు, అక్కడ ఆయిల్, నీరు నిలిచి దారి మూసుకుంటుంది. సైలెన్సర్‌కు కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. చైనుకు, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కు తగలకుండా కట్టండి. టైలు పైపు నలిగేంత బిగించొద్దు.

బాటిల్‌ను సైడు ప్యానెల్ వెనక నిటారుగా బిగించండి. ఇంజిన్ నుంచి వచ్చే పైపు కింది మూతికి, ఫిల్టర్ డబ్బాకు పోయేది పై మూతికి. లోపల గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు వదులుగా పెడితే ఆవిరిలోని ఆయిల్ దానికే అంటుకుంటుంది. తుప్పు పట్టే ఇనుప పీచు వద్దు, ముక్కలు విరిగి కార్బురేటర్‌లోకి పోతాయి.

కొందరు పైపు చివరను నంబరు ప్లేటు కింద గాలికి వదిలేస్తారు. ఇది చేయొద్దు. ఆయిల్ వెనక టైరు మీద పడితే మలుపులో బండి జారుతుంది. పైగా ఫిల్టర్ డబ్బా రంధ్రం తెరిచే ఉంటే దుబ్బ లోపలికి పోతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్–6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో బ్రీదర్ దారి అసలు మార్చొద్దు.

అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి, పై మూతి పైపు కాసేపు ఊడదీసి అరచేయి పెట్టండి. ఊపిరిలా గాలి తగలాలి. తగలకుంటే ఎక్కడో నలిగింది. మళ్లీ బిగించి, సీటు మీద ఇద్దరు కూర్చున్నా, హ్యాండిల్ రెండు దిక్కులకు తిప్పినా పైపు మడవడం లేదని చూసుకోండి. 100 కిలోమీటర్లకు బాటిల్ విప్పండి. అడుగున చెంచాడు ఉంటే సరే. కొంచెం తెల్లటి నురుగున్నా భయం లేదు, దగ్గర దూరాలు తిరిగే బండిలో పట్టే తేమ అది. బాటిల్ సగం నిండితే పిస్టన్ రింగులు చూపించండి. అందులోని ఆయిల్‌లో నీరు, పెట్రోలు కలిసి ఉంటాయి, తిరిగి ఇంజిన్‌లో పోయొద్దు.