షుగర్, పాంక్రియాటైటిస్ రెండూ ఉన్న పిల్లికి ఏం పెట్టాలి?

మా మల్లికి తొమ్మిదేళ్లు. దానికి షుగర్ అని తేలిన రోజు పక్కింటి పిన్నిగారు "పిల్లికి సుగరేటమ్మా!" అని ముక్కున వేలేసుకున్నారు. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ వేయడం మాకు అలవాటయ్యేలోపే పాంక్రియాటైటిస్ కూడా వచ్చింది, అంటే క్లోమానికి వాపు. ఇన్సులిన్ తయారయ్యేదీ తిండి అరగడానికి కావాల్సిన రసాలు తయారయ్యేదీ ఆ ఒక్క క్లోమంలోనే, అందుకే పిల్లుల్లో ఈ రెండు జబ్బులూ కలిసి కనిపించడం మామూలే.

చిక్కంతా తిండి దగ్గరే వచ్చింది. షుగర్‌కి పిండిపదార్థం తగ్గించమన్నారు, క్లోమానికి కొవ్వు తగ్గించమన్నారు. సరే అని కొవ్వు తక్కువ అని రాసి ఉన్న డ్రై ఫుడ్ తెస్తే, అందులో కొవ్వు తగ్గించిన మేరకు బియ్యం, మొక్కజొన్న నింపి ఉన్నాయి. అది తిన్న వారానికే మల్లి షుగర్ మళ్లీ పైకెళ్లిపోయింది. మీరూ ఈ చిక్కులోనే ఉంటే ముందు జవాబు చెప్పేస్తాను. పిల్లి విషయంలో పిండిపదార్థం తగ్గించడానికే మొదటి పీట వేయండి, కొవ్వు మరీ ఎక్కువా మరీ తక్కువా కాకుండా మధ్యస్తంగా ఉండనివ్వండి, వీలైనంతవరకు తడి తిండే పెట్టండి. వీటన్నిటికంటే ముందు, అది ఏదో ఒకటి తింటూ ఉండాలి.

ఆ చివరి మాట గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. క్లోమానికి విశ్రాంతి ఇవ్వాలని రెండు రోజులు ఏమీ పెట్టొద్దని మాకు ఒకచోట చెప్పారు. పిల్లికి అది చాలా ప్రమాదం. రెండు మూడు రోజులు తిండి లేకపోతే ఒంట్లోని కొవ్వు లివర్‌లోకి చేరిపోతుంది, లావుగా ఉన్న పిల్లికైతే ఇంకా తొందరగా జరుగుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఒక పూట తినకపోతే జాగ్రత్త పడండి, ఒక రోజంతా తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లికి పాంక్రియాటైటిస్ వస్తే వాంతులు అయి తీరాలని లేదు, చాలా పిల్లులు మంచం కిందో బీరువా వెనకో ముడుచుకుని కూర్చుంటాయి, అంతే. గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్లిపోతున్నా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా, చొంగ కారుతున్నా దానికి వికారంగా ఉందని అర్థం. అప్పుడు తిండి మార్చి లాభం లేదు. వికారానికి మారోపిటాంట్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి మందులు, ఆకలికి మిర్టాజపిన్, నొప్పికి వేరే మందు ఉన్నాయి, డాక్టరుని అడిగి వాడండి. మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వద్దు, ఒక్క పారాసెటమాల్ చాలు పిల్లి చనిపోవడానికి. సిరంజితో నోట్లోకి బలవంతంగా కుక్కడం కూడా మంచిది కాదు, ఆ తిండంటేనే దానికి రోత పుడుతుంది. ఎంతకీ తినకపోతే ట్యూబ్ ద్వారా తిండి ఇచ్చే పద్ధతి ఉంది, ఆ మాట వినగానే భయపడకండి.

ఇక కొవ్వు సంగతి. పాంక్రియాటైటిస్ వచ్చిన కుక్కకు కొవ్వు బాగా తగ్గించాలి, అది నిజం. ఆ సలహానే చాలామంది పిల్లికీ చెప్పేస్తుంటారు, కానీ పిల్లుల్లో కొవ్వు అంతగా తగ్గిస్తే మేలు జరుగుతుందని రుజువు కాలేదు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) ఎక్కువ వస్తేనో, కొవ్వు తిన్న ప్రతిసారీ వాంతి అవుతుంటేనో తగ్గించాలి, అది కూడా పిండి పెంచకుండా. వెన్న, నెయ్యి, చికెన్ స్కిన్, వేపుడు ముక్కలు మాత్రం ఏ పిల్లికీ వద్దు.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి, అన్నం నుంచి వచ్చే చక్కెరను దాని లివర్ మనలా చకచకా వాడుకోలేదు. కానీ మన ఇళ్లలో పిల్లికి పెట్టేదే పాలన్నం, పెరుగన్నం, చేపల పులుసు కలిపిన అన్నం. మల్లి కూడా ఎనిమిదేళ్లు అదే తింది. ఇప్పుడు అన్నం పూర్తిగా మాన్పించాం, పాలు కూడా. పెద్ద పిల్లికి పాలు అసలు అవసరమే లేదు, చాలావాటికి అరగవు కూడా.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనక ఉన్న లెక్క చూడండి. పిండిపదార్థం ఎంతో సాధారణంగా రాయరు, మనమే తేల్చుకోవాలి. ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు), ఈ ఐదూ కలిపి 100 లోంచి తీసేస్తే మిగిలేదే పిండిపదార్థం. బూడిద అంకె లేకపోతే డ్రై ఫుడ్‌కి 8, తడి తిండికి 2 వేసుకోండి. ఉదాహరణకు ఒక డ్రై ఫుడ్‌లో ప్రొటీన్ 32, కొవ్వు 10, పీచు 4, తేమ 10 అనుకుందాం. బూడిద 8 కలిపితే 64, అంటే పిండి 36. ఇప్పుడు క్యాలరీలు లెక్కేయాలి, ప్రొటీన్‌కీ పిండికీ గ్రాముకు మూడున్నర, కొవ్వుకు ఎనిమిదిన్నర. 112, 85, 126 కలిపి 323 వస్తుంది, అందులో పిండి వాటా 39 శాతం. అదే ఒక పౌచ్‌లో ప్రొటీన్ 10, కొవ్వు 3, పీచు 1, తేమ 83 ఉంటే, బూడిద 2 పోను పిండి 1 మాత్రమే మిగులుతుంది, 100 గ్రాములకు వచ్చే మొత్తం 64 క్యాలరీల్లో పిండి వాటా ఐదు శాతం పైచిలుకు. షుగర్ ఉన్న పిల్లికి ఈ వాటా 10-12 శాతం లోపు ఉండాలి. ప్యాకెట్ మీది అంకెలు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రాసినవి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా ఏది మంచిదో ఏది కాదో తేల్చుకోవడానికి చాలు. గ్రేవీ ఉన్న పౌచ్‌లలో చిక్కదనం కోసం పిండి కలుపుతారు, ముద్దలా ఉండే రకాల్లో సాధారణంగా అది తక్కువ. తడి తిండి ముట్టనే ముట్టని పిల్లి అయితే డాక్టరు రాసిచ్చే డయాబెటిక్ డ్రై ఫుడ్ వాడండి, మామూలు డ్రై ఫుడ్ కంటే అది నయం.

ఇంట్లో వండి పెడతాం అంటారా, చికెన్ షాపులో స్కిన్ లేని బ్రెస్ట్ ముక్క తీసుకుని ఉప్పు, పసుపు ఏమీ లేకుండా ఉడికించి, ఎముక లేకుండా చిదిమి పెట్టండి. తినని పిల్లిని తిండి దారికి తేవడానికి దీన్ని మించింది నాకు కనిపించలేదు, కొంచెం గోరువెచ్చగా ఉంటే ఇంకా ఇష్టంగా తింటుంది. కానీ కొద్దిరోజులకు మించి ఒట్టి చికెన్ మీదే ఉంచకూడదు, అందులో కాల్షియం దాదాపు ఉండదు, టారిన్ (పిల్లికి తప్పనిసరిగా కావాల్సిన పోషకం) చాలదు, అది లోపిస్తే గుండె, కళ్లు దెబ్బతింటాయి. కందనకాయ, గుండెకాయ కొంచెం కలపొచ్చు. కార్జం మాత్రం వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు, ఎక్కువైతే విటమిన్ ఏ ఒంట్లో పేరుకుపోతుంది. చేప పెడితే ఉడికించి, ముల్లు తీసి, అప్పుడప్పుడు మాత్రమే. కవళ్లు, కానాగంతలు నూనె చేపలు, జబ్బు తిరగబెట్టిన రోజుల్లో పెట్టకండి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ. పులుసులో ముక్క కడిగి పెట్టినా తప్పే, ఉల్లి, వెల్లుల్లి రసం దాంట్లోకి దిగిపోయి ఉంటుంది, అవి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 క్యాలరీలు కావాలి. పైన చెప్పిన పౌచ్ 85 గ్రాములదైతే రోజుకు నాలుగు దాకా పడతాయి, ఖర్చు తక్కువేం కాదు. ఉడికించిన బ్రెస్ట్ ముక్క 100 గ్రాములకు సుమారు 150 క్యాలరీలు ఇస్తుంది, అందుకే మేము డాక్టరుని అడిగి కొంత పౌచ్, కొంత చికెన్ పెడుతున్నాం. ఒకేసారి కడుపు నింపకుండా నాలుగైదు సార్లుగా పెట్టండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి వదలకుండా చదవండి. తిండి ఒక్కసారిగా మార్చేయకండి. పిండి తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా బాగా పడిపోవచ్చు, పాత డోసే వేస్తే షుగర్ ప్రమాదకరంగా దిగిపోతుంది. పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి, ఆ రోజుల్లో చెవి అంచున చిన్న చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఆ అంకెలు డాక్టరుకు చెప్పి డోసు సరిచేయించుకోండి. షుగర్ 60కి దగ్గరపడితే వెంటనే తిండి పెట్టండి. తూలుతున్నా, వణుకుతున్నా తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ చిగుళ్లకు రాసి ఆసుపత్రికి పరుగెత్తండి, ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏమీ పోయకండి.

పిల్లి తినని పూట పూర్తి డోసు వేయడం ప్రమాదం, అసలు వేయకుండా రోజుల తరబడి వదిలేయడం కూడా ప్రమాదమే, కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరుగుతాయి. సగం తిన్న రోజు ఎంత వేయాలి, ఏమీ తినని రోజు ఏం చేయాలి అన్నది ముందే అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అతికించండి. అర్ధరాత్రి ఆ టెన్షన్‌లో మనకు ఏదీ గుర్తుకురాదు.

శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. మంచి రకాలు ఇక్కడ అన్నిసార్లూ దొరకవు, విశాఖ నుంచి తెప్పించుకోవాల్సి వస్తుంది, కాబట్టి మూడు వారాలకు సరిపడా దగ్గర ఉంచుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు విప్పిన పౌచ్ నిలవ ఉండదు, చిన్న పౌచ్‌లే కొనడం మేలు, ఇన్సులిన్ సీసాను కొత్త కుండలో పెట్టి తడిగుడ్డ చుట్టి నీడన ఉంచొచ్చు. విజయనగరం వైపు వాళ్లకు గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు విటమిన్ బి12 గురించి కూడా అడగండి, ఈ జబ్బుతో పాటు పేగులు కూడా దెబ్బతింటే అది తగ్గిపోతుంది, ఇంజెక్షన్లతో సరిచేయొచ్చు, ఆకలి కూడా మెరుగవుతుంది. కిడ్నీ రిపోర్టు కూడా చూపించండి. కిడ్నీలు బాగా లేకపోతే మాంసం ఎంత పెట్టాలి, ఫాస్ఫరస్ ఎంతలో ఉండాలి అన్న లెక్క మారుతుంది, అప్పుడు నేను పైన రాసిన కొలతలు కాకుండా డాక్టరు చెప్పిన కొలతలే పాటించండి.