భారజలంతో డ్యుటీరియం ఎక్కించేటప్పుడు ముందు హైడ్రోజన్ లెక్క వేయండి

పీడీ-సీ (కార్బన్ పొడి మీద పల్లాడియం), హైడ్రోజన్, భారజలం (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు) ఉంటే చాలు, బెంజైలిక్ హైడ్రోజన్లు (బెంజీన్ వలయం పక్క కార్బన్ మీదివి) గది ఉష్ణోగ్రతలోనే డ్యుటీరియంగా మారిపోతాయి. జపాన్‌లో గిఫు ఫార్మాస్యూటికల్ యూనివర్సిటీకి చెందిన సజికి బృందం చూపించిన దారి ఇది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందుగా ఇచ్చేది 5-ఫినైల్‌వాలెరిక్ యాసిడ్: 178 మి.గ్రా. (1 మిల్లీమోల్), 10% పీడీ-సీ 18 మి.గ్రా., భారజలం 4 మి.లీ.

ఇక్కడ హైడ్రోజన్ పని రిడక్షన్ కాదు, పల్లాడియాన్ని మేల్కొలపడం. అందుకే కొంచెం చాలు. అలవాటుకొద్దీ బెలూన్ తగిలించి వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 4 మి.లీ. భారజలంలో ఉన్న డ్యుటీరియం సుమారు 440 మిల్లీమోల్స్. లీటరు బెలూన్‌లోని హైడ్రోజన్ పరమాణువులు 80 మిల్లీమోల్స్ దాటుతాయి. పల్లాడియం మీద ఆ వాయువు కూడా భారజలంతో మార్పిడి అవుతుంది. పూర్తిగా కలిసిపోతే ఎన్‌రిచ్‌మెంట్ (ఆ స్థానాల్లో చేరిన డ్యుటీరియం శాతం) 84% దగ్గరే ఆగిపోతుంది, ఎన్ని రోజులు తిప్పినా అంతే. అదే 50 మి.లీ. ఆర్‌బీని (గుండ్రటి అడుగు ఫ్లాస్క్‌ను) మూడుసార్లు వాక్యూమ్-నైట్రోజన్, ఆపై మూడుసార్లు వాక్యూమ్-హైడ్రోజన్ చేసి, స్టాప్‌కాక్ మూసి బెలూన్ తీసేస్తే గరిష్ఠం 98% దాటుతుంది. తడి ఫ్లాస్క్, 50% తడి క్యాటలిస్ట్‌లోని మామూలు నీళ్లు కూడా ఈ లెక్కలోవే. పెద్ద బ్యాచ్‌లో వీటిని వదిలేయకండి.

నైట్రో, ఆల్కీన్, బెంజైల్ ఈథర్ ఉన్న అణువులు ఈ పద్ధతికి పనికిరావు, అవి రిడ్యూస్ అయిపోతాయి లేదా తెగిపోతాయి. సల్ఫర్ ఉన్నవీ వద్దు. మన మణుగూరు ప్లాంట్‌లో భారజలం తీసేది హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ నీటికీ మధ్య మార్పిడితోనే, కానీ పల్లాడియానికి సల్ఫర్ విషం.

రాత్రంతా బాగా తిప్పాక శాంపిల్ తీసి ఎన్‌ఎంఆర్ చూడండి. 2.6 పీపీఎం దగ్గర మిగిలిన బెంజైలిక్ పీక్‌ను ఆరోమాటిక్ ఐదు హైడ్రోజన్లతో పోల్చాలి. డ్యుటీరియం పక్కనున్న హైడ్రోజన్ నెమ్మదిగా రిలాక్స్ అవుతుంది కాబట్టి డీ1 (స్కాన్‌ల మధ్య విరామం) కనీసం 20 సెకన్లు పెట్టండి. తక్కువ పెడితే ఎన్‌రిచ్‌మెంట్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. కార్బాక్సిల్ మీది డ్యుటీరియం వర్కప్ నీళ్లలో పోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

వడకట్టేముందు ఫ్లాస్క్‌ను నైట్రోజన్‌తో నింపండి. ఇథైల్ అసిటేట్‌తో సెలైట్ (వడపోత పొడి) బెడ్ మీదుగా వడకట్టేటప్పుడు బెడ్ ఒక్క క్షణం కూడా ఆరకూడదు. హైడ్రోజన్ తాగిన పల్లాడియం ఆరితే సాల్వెంట్ ఆవిరికి అంటుకుంటుంది. అయిపోగానే ఆ క్యాటలిస్ట్‌ను నీళ్లున్న సీసాలో వేసి లేబుల్ అంటించండి.

ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాలను వేరుచేసి ద్రవ్యరాశి కొలిచే పరికరం) ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోలిక కోసం శాంపిల్‌లో కలిపేది) వాడాలంటే రెండు డ్యుటీరియంలు చాలవు, కనీసం మూడు ఉండాలి. లేకపోతే దాని పీక్ మామూలు అణువులోని కార్బన్-13 (బరువైన కార్బన్) పీక్‌లతో కలిసిపోతుంది. అప్పుడు ఇదే మిశ్రమాన్ని ప్రెషర్ రియాక్టర్‌లో, షీల్డ్ వెనక, 160 డిగ్రీల దగ్గర నడిపితే గొలుసులోని మిగతా స్థానాలూ మారతాయి. ఇంకా పెంచాలంటే కొత్త భారజలంతో రెండో రౌండ్ చేయాలి. ఆ రెండో రౌండ్ భారజలాన్ని పారబోయకుండా డిస్టిల్ చేసి దాచండి, తర్వాతి బ్యాచ్ మొదటి రౌండ్‌కు అది సరిపోతుంది.