నోరు తరచూ ఎండిపోతుంటే
మహారాష్ట్రలోని సిరొంచ, చంద్రపూర్ వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు నోరు ఎండితే దాహమనుకుని ఊరుకుంటాం కానీ, నీళ్లు తాగిన కాసేపటికే నాలుక మళ్లీ అంగిలికి అంటుకుపోతుంటే, ముందుగా వాడుతున్న మందుల చీటీ తీసి చూడడం మంచిది. అలర్జీకి, మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మాత్రలు, రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు నోటిని ఎండబెడతాయి. వాటిని మనంతట మనమే మానేయకుండా, మందు మార్చే వీలుందేమో వైద్యుణ్ణి అడగాలి. అదుపులో లేని మధుమేహం, నోటితో గాలి పీలుస్తూ నిద్రపోవడం కూడా కారణాలే.

రోజుకు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు దాకా ఊరే లాలాజలం నోటిలోని ఆమ్లాన్ని విరిచి పళ్లను కాపాడుతుంది. అది తగ్గితే చిగుళ్ల అంచున పళ్లు పుచ్చిపోతాయి, కట్టుడు పళ్లు ఒరుసుకుంటాయి, జొన్నరొట్టె మింగుడు పడదు.

వక్క, పొగాకు కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇచ్చే ఖర్రాను నోరూరుతుందని నమిలేవారు మన వైపు చాలామందే ఉన్నారు. అందులోని వక్క నోటి లోపలి పొరను బిగుసుకుపోయేలా చేసి, క్రమంగా నోరు తెరవనివ్వదు; పొగాకు సంగతి చెప్పనే అక్కర్లేదు. అస్తమానం నిమ్మబద్ద చప్పరించినా పంటి ఎనామిల్ అరిగిపోతుంది. వీటికి బదులు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ, చక్కెర లేని చూయింగ్ గమ్ నములుతూ, ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా పళ్లు తోముకోవాలి. నోటితోపాటు కళ్లు కూడా పొడిబారుతుంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పాలి.