వర్డ్‌లో పాత కమాండ్లు మళ్లీ చేతికందాయి

కడపలో మాది దస్తావేజులు టైపు చేసే షాపు. వర్డ్ 2003 ఉన్న కంప్యూటర్ మూలపడి కొత్త వెర్షన్ వేయిస్తే పాత మెనూలు లేవు, 2007 నుంచి వస్తున్న రిబ్బన్, అంటే పైన ట్యాబులుగా ఉండే బటన్ల పట్టీ ఉంది. ప్రింట్ ప్రివ్యూలోనే, అంటే అచ్చులో పేజీ ఎలా వస్తుందో చూపే తెరలోనే తప్పులు దిద్దుకోవడం మాకు అలవాటు. ఆ వీలు ఎక్కడా కనబడలేదు. ట్యాబులన్నీ వెతికాం, వీడియోలు చూశాం, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం, లాభం లేదు.

పనిచేసింది ఇది. ఫైల్ నొక్కి, ఆప్షన్స్‌లోకి వెళ్లి, క్విక్ యాక్సెస్ టూల్‌బార్ (మనకు కావలసిన బటన్లు పెట్టుకునే చిన్న వరుస) తెరవాలి. ఎడమ జాబితా పైన 'పాపులర్ కమాండ్స్' అని ఉంటుంది. దాన్ని 'ఆల్ కమాండ్స్'గా మార్చాలి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. అన్నీ అక్షర క్రమంలో వస్తాయి. 'ప్రింట్ ప్రివ్యూ ఎడిట్ మోడ్' ఎంచుకుని యాడ్, తర్వాత ఓకే. జాబితాలో పేరు మీద మౌస్ ఆనిస్తే, రిబ్బన్‌లో ఉన్న కమాండ్ అయితే ఏ ట్యాబులో ఉందో కూడా చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది చాలా మేలు. ఆ పైన ఆల్ట్ నొక్కితే మన బటన్ మీద అంకె కనబడుతుంది, ఆ అంకె కొడితే చాలు.

టూల్‌బారే కనబడకపోతే రిబ్బన్ మీద రైట్ క్లిక్ చేసి చూడండి. మేం విండోస్‌లో చేశాం. మీ వెర్షన్‌ని బట్టి పేర్లు కొంచెం మారొచ్చు, మ్యాక్‌లో దారి వేరు.